శుక్రవారం నాటి తొలి ప్రసంగం

మా పార్లమెంటు సభలో ఎవరినైనా ముంచాలంటే తిట్టక్కర్లేదు, మర్యాద చేస్తే చాలు. ఇన్నేళ్ళు ఆ ఆకుపచ్చ బెంచీల మీద కూర్చుని నేను నేర్చుకున్నది ఇదొక్కటే. నా పేరు మార్జరీ టాటర్సాల్. అధికార పక్షంలో వెనక బెంచీ మనిషిని. మంత్రి పదవి రాలేదు, ఇక రాదు కూడా, అందుకని నోటికి తాళం వేసుకోవాల్సిన అవసరం నాకు లేదు. బ్రయనీ థాక్రే తొలి ప్రసంగం చేసిన శుక్రవారం నేను ఆ పిల్ల పక్కనే కూర్చున్నాను. జరిగిందంతా కళ్ళారా చూశాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

బ్రయనీ ఆ చలికాలమే ఉప ఎన్నికలో గెలిచి వచ్చింది. ఉత్తరాన హార్‌క్లిఫ్ అని రాతి క్వారీల ఊరు. అంతకుముందు అక్కడి బడిలో చరిత్ర పాఠాలు చెప్పేది. ఓట్ల కోసం ఇల్లిల్లూ తిరుగుతుంటే నోరీన్ ఓగ్డెన్ అనే ఆవిడ లోపలికి రమ్మని టీ ఇచ్చి, "మా వాడు క్వారీ గుంటలో మునిగి చనిపోయాడు. దాని చుట్టూ కంచె వేయిస్తావా తల్లీ?" అని అడిగిందట. వేయిస్తానని ఈ పిల్ల అక్కడికక్కడే మాటిచ్చేసింది. అంత తేలిగ్గా మాటిచ్చేవాళ్ళను నేను చాలామందిని చూశాను. ఈ పిల్లకు మాత్రం ఆ మాట నిలబెట్టుకోవాలని నిజంగానే ఉంది.

తవ్వకం ఆపేసిన క్వారీల్లో నీళ్ళు నిండుతాయి. చూడ్డానికి నీలంగా, ముద్దొచ్చేలా ఉంటాయి. పైన జానెడు వెచ్చదనం, దాని కింద గుండె ఆగిపోయేంత చలి. నోరీన్ కొడుకు కీరన్‌కి పదమూడేళ్ళు. బాగా ఈదేవాడు. ఎండ కాసిన ఒకరోజు దూకాడు, మళ్ళీ తేలలేదు. క్వారీ యజమానులు అక్కడ ప్రమాదం అని ఒక బోర్డు పాతారు. పిల్లలు ఇప్పుడు ఆ బోర్డెక్కి దూకుతున్నారు.

వదిలేసిన క్వారీలన్నిటికీ యజమానులే కంచె వేయాలని బిల్లు పెట్టినవాడు ఆలన్ ప్రాసర్. అవతలి పక్షంవాడు, వేల్స్ నుంచి వచ్చిన ముసలాయన. మామూలు సభ్యుడు బిల్లు పెట్టాలంటే మా దగ్గర ఏటా లాటరీ తీస్తారు. ప్రాసర్ సగం జీవితం ఆ లాటరీలో చీటీ వేస్తూనే ఉన్నాడు, ఈ ఏడు తగిలింది. పార్టీ వేరైనా నేనూ దాని మీద సంతకం పెట్టాను. మా ప్రభుత్వానికి మాత్రం ఆ బిల్లు గొంతులో ముల్లు. క్వారీల వాళ్ళు మా పార్టీకి కావలసినవాళ్ళు. అలాగని పిల్లాడు పోయిన తల్లి ముందు నిలబడి వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? అందుకని మంత్రులందరూ సానుభూతి ముఖాలు పెట్టుకుని తిరిగారు.

మామూలు సభ్యుల బిల్లులకు శుక్రవారమే గతి. శుక్రవారం సభ మధ్యాహ్నం రెండున్నరకు ముగుస్తుంది. అప్పటికి ఓటింగ్ దాకా రాని బిల్లు వరసలో అట్టడుక్కి పోతుంది. అక్కణ్ణుంచి పైకి లేచిన బిల్లును నేనైతే చూడలేదు. అంచేత నచ్చని బిల్లును వ్యతిరేకించాల్సిన పని కూడా లేదు, రెండున్నర దాకా ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉంటే సరి. దీనికి విరుగుడు ఒక్కటే. ఎవరైనా లేచి, ఇక చర్చ ఆపి ఓటుకు పెట్టండి అని అడగాలి, అధ్యక్ష స్థానంలో ఉన్నవారు సరేననాలి, వందమంది ఓటేయాలి. గురువారం సాయంత్రమే సొంతూళ్ళకు పారిపోయే మా జనంలో వందమందిని ఆపడమంటే మాటలు కాదు. ప్రాసర్ ఆపాడు. బతిమాలాడు, పాత స్నేహాలు గుర్తుచేశాడు, ఒకాయన కూతురి పెళ్ళి రిహార్సల్ కూడా మాన్పించాడు. ఆ శుక్రవారం మా సభ చావిడి నిండుగా ఉంది.

తొలి ప్రసంగం చేసే సభ్యుడి పక్కన పెద్దవాళ్ళెవరైనా కూర్చోవడం మా ఆనవాయితీ. బ్రయనీ నన్నడిగింది. ప్రాసర్ పది నిమిషాల్లో తన మాట ముగించాడు. మద్దతిచ్చేవాళ్ళు కూడా అనుకున్నట్టే రెండు ముక్కలు చెప్పి కూర్చుంటున్నారు. రెండు కాకముందే ఓటుకు వెళ్ళిపోతామని నేను నిశ్చింతగా ఉన్నాను. పై గ్యాలరీలో నోరీన్ అద్దం వెనక ముందు వరసలో కూర్చుని ఉంది. బ్రయనీయే ముందురోజు ఆవిణ్ణి రైల్లో తీసుకొచ్చింది.

"మార్జరీ గారూ, మొదటి ముక్కే గుర్తురావడం లేదండీ," అంది బ్రయనీ.

"అందరికీ అంతేలే. నేనైతే నా నియోజకవర్గం పేరే మర్చిపోయాను. ఎంతసేపు మాట్లాడతావేంటి?"

"ఎంతసేపైనా మాట్లాడొచ్చట కదండీ! గైల్స్ గారు చెప్పారు. తొలి ప్రసంగంలో ఎవరూ అడ్డురారట. నీ ఊరి గురించి, ఆ పిల్లాడి గురించి తనివితీరా చెప్పు, దేశమంతా వింటుంది అన్నారు. ఈ రోజున మాట్లాడమన్నది కూడా ఆయనే."

గైల్స్ ఫెన్విక్ మా పార్టీ విప్. ఎవరు ఎప్పుడు లేవాలో, ఎవరు ఎటు ఓటేయాలో చూసే మనిషి. చక్కటి సూటు, చక్కటి పలకరింపు.

"ఇంకేం చెప్పాడు?"

"ప్రాసర్ ఉన్నాడే, పేరంతా తనకే రావాలనుకునే మనిషట. నన్ను మధ్యలో ఆపాలని చూస్తాడట. మన వాళ్ళలోనూ కొందరు కుళ్ళుకుంటారు, ఎవరు లాగినా ఆగకు అన్నారు. ఎంత మంచివారండీ!"

"బ్రయనీ, నా మాట విను, ఐదు నిమిషాల్లో..." అని నేనంటుండగానే పైనుంచి పిలుపు వచ్చింది. "బ్రయనీ థాక్రే!" అన్నాడు డిప్యూటీ స్పీకర్ సర్ డెస్మండ్ హల్మ్. పిల్ల లేచి నిలబడింది. మా వాళ్ళూ అవతలివాళ్ళూ కలిసి ఒక్క గొంతుతో ప్రోత్సాహంగా కేకలు పెట్టారు. తలుపు దగ్గర గైల్స్ చేతులు కట్టుకుని నిలబడి చిరునవ్వు నవ్వుతున్నాడు.

తొలి ప్రసంగంలో ముందు తన ఊరి పాత సభ్యుణ్ణి పొగడాలి. ఆ పాత సభ్యుడు నోరీన్ కలవడానికి వెళితే మూడుసార్లు గుమ్మంలోంచే పంపించేసిన ఘనుడు. అతని సేవల్ని బ్రయనీ చాలాసేపు పొగిడింది. పైన నోరీన్ తల వంచుకుని విన్నది. తర్వాత ఊరు. ఊళ్ళో బ్యాండు మేళం, మాంసం కూరిన రొట్టెలు, వానలో కూడా ఆగని రగ్బీ పోటీలు. బడిలో చెప్పి చెప్పి అలవాటైన గొంతు కదా, ఎవరికీ విసుగు రానివ్వలేదు. చావిడంతా నవ్వుతోంది. నా కళ్ళు మాత్రం గడియారాన్ని వదల్లేదు.

అప్పుడు కీరన్ దగ్గరికొచ్చింది. వాడు బీన్స్ డబ్బాను వేడిచేయనిచ్చేవాడు కాదట, చల్లగానే చెంచాతో తినేవాడట. చెల్లెలి బూట్లు ఫ్రిజ్‌లో దాచేవాడట. ఒంటికాలి పావురాన్ని ఒకదాన్ని చేరదీసి, దానికి ఊళ్ళో మేయర్ పేరు పెట్టాడట. సభ గొల్లుమంది. నేనూ నవ్వాను, నవ్వకుండా ఉండలేకపోయాను. నవ్వుతూనే ఆ పిల్ల కోటు అంచు పట్టి కిందకి లాగాను. బ్రయనీ నా వంక చూసింది. చూపు మారింది. మెల్లగా నా చేతిలోంచి కోటు విడిపించుకుంది. మన వాళ్ళలో కుళ్ళుకునేవాళ్ళంటే వీళ్ళే అనుకుని ఉంటుంది.

ఇంకా సమయం ఉంది. ప్రాసర్ లేచాడు. అంతటి పెద్దమనిషి, తొలి ప్రసంగానికి అడ్డుతగలాల్సి వచ్చినందుకు చెవులు ఎర్రబడి, "అధ్యక్షా, మన్నించాలి, ఇక చర్చ ముగించి ఓటుకు..." అన్నాడు.

సర్ డెస్మండ్ నౌకాదళంలో చేసి వచ్చినవాడు. సంప్రదాయమంటే ప్రాణం. "గౌరవ సభ్యురాలిది తొలి ప్రసంగం. దాన్ని మధ్యలో తెగ్గొట్టడానికి నేను ఒప్పుకోను. ఆవిడ తనంతట తాను ముగిస్తారు. గౌరవ సభ్యుడు కాస్త ఓపిక పట్టాలి," అన్నాడు.

నేనిక ఆగలేకపోయాను. లేచి, "అధ్యక్షా, ఆ పిల్లకు తెలియదు, తెలిసినవాళ్ళు ఎవరో..." అనేలోపే నాలుగు వైపుల నుంచి "కూర్చోండి! కూర్చోండి!" అని అరిచారు. గట్టిగా అరిచినవాళ్ళలో బిల్లుకు ఓటేయడానికి ఊరికి పోకుండా ఆగినవాళ్ళూ ఉన్నారు. ఎదుటి మనిషి తొలి ప్రసంగానికి అడ్డురావడమంటే వాళ్ళకు అంత తప్పు. సర్ డెస్మండ్ నన్ను చూసి, "ఇంత సీనియర్ సభ్యురాలికి నేను మర్యాద నేర్పాల్సి రావడం బాధాకరం," అన్నాడు. కూర్చున్నాను.

బ్రయనీ గడ్డం పైకెత్తింది. "నా నోరు మూయించాలని చూసేవాళ్ళకు ఒక్కటే చెబుతున్నాను. కీరన్ ఓగ్డెన్‌ను పదమూడేళ్ళకే ఆపేశారు. వాడి కథను కూడా ఈరోజు సగంలో ఆపనివ్వను!"

చావిడి హోరెత్తింది. పైన నోరీన్ రెండు చేతులూ అద్దానికి ఆనించి, అలాగే, అలాగే అన్నట్టు తల ఊపింది.

బస్సు ఆలస్యమైందని వాడు కంపెనీకి రాసిన ఉత్తరం చెప్పింది. అమ్మమ్మకు ఫోను నేర్పబోయి అమ్మమ్మ చేత పోలీసులకు ఫోన్ చేయించిన సంగతి చెప్పింది. చర్చిలో పాడిన పాట, పొరుగింటి కుక్కకు పుట్టినరోజు చేయడం. కళ్ళు తుడుచుకోనివాళ్ళు లేరు. ప్రాసర్ చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఏడుస్తున్నాడని అందరూ అనుకున్నారు.

వాడు చివరిసారి ఇంట్లోంచి వెళ్తూ ఏమన్నాడో చెబుతుండగా సర్ డెస్మండ్ లేచాడు. "ఆర్డర్, ఆర్డర్." రెండున్నరయింది. అంతే. గుమాస్తా బిల్లు పేరు చదివాడు. మళ్ళీ చర్చ ఏ రోజని అడిగారు. ప్రాసర్ లేచి ఒక శుక్రవారం పేరు చెప్పాడు. ఆ శుక్రవారం సభ లేదు. కానీ ఏదో ఒక రోజు చెప్పాలి కాబట్టి చెప్పాడు.

బ్రయనీ మొహం వెలిగిపోతూ కూర్చుంది. "ఓటింగ్‌కి ఎటు వెళ్ళాలండీ?"

"ఓటింగ్ లేదు."

"సోమవారమా?"

"ఎప్పుడూ లేదే పిచ్చిదానా. బిల్లు పోయింది. నువ్వు నిలబడి ఉండగానే రెండున్నరైంది."

"అదేంటండీ! నేను సమర్థిస్తూనే మాట్లాడాను కదా? ఒక్క మాటైనా వ్యతిరేకంగా అన్నానా?"

"ఏం మాట్లాడావన్నది ఎవడికి కావాలి? ఎప్పటిదాకా మాట్లాడావన్నదే చూస్తారు ఇక్కడ. నిన్ను లాగింది ఎందుకనుకున్నావు?"

అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. ముఖంలో రంగు దిగిపోయింది. అప్పుడే ప్రాసర్ మా వైపు వచ్చాడు. తొలి ప్రసంగం చేసిన వాళ్ళను అవతలి పక్షంవాళ్ళు అభినందించాలి, అదీ ఆనవాయితీయే. బ్రయనీ చెయ్యి పట్టుకుని, "చాలా మంచి ప్రసంగం అమ్మాయ్," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే ఆ పిల్ల కాస్త ఊపిరి పీల్చుకునేది. వెంటనే వెళ్ళిపోయాడు.

నోరీన్ లాబీలో మా కోసం కాచుకుని ఉంది. బ్రయనీని చూడగానే రెండు చేతులూ చాపి కౌగలించుకుంది. "ఎంత బాగా చెప్పావే తల్లీ! మా వాణ్ణి అక్కడ నిలబెట్టినట్టే అనిపించింది. అంత పెద్ద పెద్దవాళ్ళు ఏడుస్తుంటే..." బ్రయనీ ఆవిడ భుజం మీద తల పెట్టి వెక్కుతోంది. నోరీన్ అది సంతోషమనుకుని వీపు నిమిరింది.

గైల్స్ ఫెన్విక్ అటే వచ్చాడు. వాడికి సిగ్గు అనేది లేదని నాకు ముందే తెలుసు, కానీ ఇంత లేదని తెలియదు. "బ్రయనీ! అద్భుతం. పైవాళ్ళు చాలా సంతోషించారు. గృహ నిర్మాణ మంత్రిగారు సహాయకురాలి కోసం చూస్తున్నారు, సోమవారం వచ్చి కనపడు," అని, నోరీన్ వైపు తిరిగి చెయ్యి చాపాడు. "మీరు ఆ అబ్బాయి తల్లిగారు కదూ. మీకు జరిగింది చాలా ఘోరమమ్మా."

"గైల్స్ గారంటే మీరేనా? మీ దయ సార్," అంది నోరీన్ ఆ చెయ్యి పట్టుకుని. "మీలాంటి వాళ్ళు వెనకుండబట్టే ఈ పిల్ల ఇంతసేపు మాట్లాడగలిగింది. ఎవరూ ఆపరని ధైర్యం చెప్పారట, నిన్న రైల్లో చెప్పింది."

"నేను చేసిందేముందమ్మా," అన్నాడు గైల్స్.

బ్రయనీ తల ఎత్తింది. "మీరు కావాలనే చేశారు. నా చేతే చేయించారు."

"నేనేం అబద్ధం చెప్పాను? ఎంతసేపైనా మాట్లాడొచ్చన్నాను, మాట్లాడావు. ఆపబోతారన్నాను, ఆపబోయారు. సభ నియమాల పుస్తకం నీ గదిలో పెట్టించాను, చదవలేదా?" అదే చిరునవ్వు. "సోమవారం మర్చిపోకు."

వాడు వెళ్ళాక నోరీన్ మా ఇద్దరి ముఖాలూ చూసింది. "ఏమైంది? కంచె ఎప్పుడు మొదలెడతారు? ఎండలు ముదరకముందే వేస్తారా?"

ఇక నేనే చెప్పాను. చల్లార్చి చెప్పడం నాకు చేతకాదు. బిల్లు పోయిందని, ఎందుకు పోయిందని, తిరిగి రాదని చెప్పాను. నోరీన్ అంతా విని, హ్యాండ్‌బ్యాగ్ రెండు చేతుల్తో పొట్టకు అదుముకుంది.

"వందమంది ఉన్నారా లోపల?"

"ఉన్నారు. ఇంకా ఎక్కువే."

"వాళ్ళంతా మా వైపేనా?"

"మీ వైపే."

"అయితే ఈ పిల్ల ముందే కూర్చుని ఉంటే అయిపోయేది."

"అయిపోయేది," అన్నాను.

నోరీన్ నా దగ్గరికి జరిగింది. "ఎక్కడ ఆపి ఉంటే సరిపోయేదండీ? ఏ కథ దగ్గర?"

అలాంటి ప్రశ్న అడుగుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. జవాబు తెలియకపోతే బాగుండేది. "పావురం దగ్గర," అన్నాను.

"పావురం దగ్గర." ఆవిడ వేళ్ళు మడిచింది. "దాని తర్వాత బస్సు ఉత్తరం. మా అమ్మ ఫోను. చర్చిలో పాట. కుక్క."

"నోరీన్ ఆంటీ, నాకు తెలీదు, ఒట్టు, నాకు నిజంగా తెలీదు..."

"పోయిన ఆదివారం మా వంటింట్లో పావురం దగ్గరే నువ్వు పెన్ను మూసేశావు. ఇవి చాలేమో ఆంటీ అన్నావు." నోరీన్ గొంతు పెంచలేదు. "చాలదు, ఇంకా రాసుకో అన్నది నేనే. వాడి గురించి నన్ను ఎవరూ అడగరు తల్లీ. మా ఆయన కూడా లేచి పక్కగదిలోకి పోతాడు. నువ్వు వింటున్నావు కదా అని, ఇంకా చెబుదామని, అడక్కపోయినా చెప్పాను. కుక్క సంగతి అయితే నువ్వు తలుపు దగ్గర బూట్లు వేసుకుంటుంటే వెనకాల వచ్చి మరీ చెప్పాను."

బ్రయనీ ఆవిడ చేతులు పట్టుకోబోయింది. నోరీన్ చేతులు వెనక్కి తీసుకుంది. కోపంగా కాదు, వేడి గిన్నె తగిలితే తీసుకున్నట్టు. లాబీలో జనం అటూ ఇటూ పోతున్నారు. వాళ్ళలో చాలామంది బ్రయనీని చూసి దూరం నుంచే చప్పట్లు కొట్టే సైగ చేసి వెళ్ళారు. ఎంత హాయిగా నవ్వుతూ పోయారో ఒక్కొక్కరూ. అందరినీ నిలబెట్టి చెంపలు వాయించాలనిపించింది నాకు.

ఇద్దరికీ తిరుగు రైల్లో పక్కపక్క సీట్లు. హార్‌క్లిఫ్ చేరేసరికి చీకటి పడుతుంది. అక్కడ క్లబ్బులో నోరీన్ వాళ్ళ వీధివాళ్ళు టీవీ ముందు ఇందాక చప్పట్లు కొట్టి, ఇప్పుడు కేకు పెట్టుకుని ఎదురుచూస్తున్నారని నాకు తర్వాత తెలిసింది.

బ్రయనీ కూలబడిపోయినట్టు గోడ బెంచీ మీద కూర్చుని, "నన్ను క్షమించండి ఆంటీ. ఎలా చెప్పాలో తెలీడం లేదు. నేను ఏం చెప్పినా..." అని మొదలుపెట్టింది.

నోరీన్ కోటు బొత్తాలు పెట్టుకుంది. స్కార్ఫ్ సరిచేసుకుంది. వంగి ఆ పిల్ల సంచీ అందుకుని తన భుజానికి తగిలించుకుంది.

"లే, బండికి టైమవుతోంది," అంది. "ఇల్లు చేరేదాకా మాత్రం ఇంకొక్క మాట మాట్లాడకు."